రోజుకు ఎన్నిసార్లు పోతే మామూలు? ఆడవాళ్ళ మూత్రం లెక్కలో నిజంగా చూడాల్సినవి

జవాబు ముందే చెప్పేస్తా, తర్వాత దాన్ని నేనే సగం వెనక్కి తీసుకుంటా. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఏడెనిమిది సార్లు, రాత్రి మహా అయితే ఒకసారి. డాక్టర్లు చాలాకాలంగా చెప్తున్న లెక్క ఇది. కానీ ఏ జబ్బూ లేని, ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్ళను అడిగి రాసుకుంటే పగలు రెండు మూడుసార్లతో సరిపెట్టుకునేవాళ్ళు కనిపిస్తారు, తొమ్మిది పది సార్లు పోయేవాళ్ళూ కనిపిస్తారు, వాళ్ళలో ఎవరికీ ఏ లోపమూ ఉండదు. అందుకే 2002లో మూత్ర సమస్యల మీద పనిచేసే డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ వాళ్ళు ఈ సమస్యలన్నిటికీ నిర్వచనాలు రాసినప్పుడు, పగటిపూట ఎక్కువసార్లు పోవడం అనేదానికి అంకె పెట్టలేదు. "నాకు మరీ ఎక్కువసార్లు వస్తోంది" అని ఆ మనిషికి అనిపించడమే అక్కడ కొలమానం.

దీన్నిబట్టి రోజుకు పదకొండు సార్లు పోతూ హాయిగా తిరిగే ఆమెకు జబ్బు అంటగట్టక్కర్లేదు. ఆరుసార్లే పోతున్నా ప్రతిసారీ పనులు వదిలేసి పరుగెత్తే ఆమెను "అదేం కాదులే, వయసైతుంది కదా" అని పంపించెయ్యనూ కూడదు. మన దగ్గర ఈ రెండోదే ఎక్కువ జరుగుతుంది.

అసలు లోపల ఏం జరుగుతుందో ఓసారి చూద్దాం, అప్పుడు మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మూత్రపిండాలు నిమిషానికి సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున రాత్రీ పగలూ మూత్రం తయారుచేస్తూనే ఉంటాయి, రోజు మొత్తానికి లీటరున్నర అటూ ఇటూ. మూత్రాశయం 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టుకోగలదు, 150-200 చేరేసరికి తొలి కబురు మెదడుకు పోతుంది. కబురు అందగానే లేచిపోవాలని రూలేం లేదు. మెదడు "ఇప్పుడు కాదు" అంటే మూత్రాశయం గోడలోని కండరం సడలి ఇంకొంత చోటిస్తుంది. బస్సులో పక్కామెతో మాటల్లో పడితే ఆ ఆలోచనే పోయి, ఊరు దగ్గరపడ్డాక మళ్ళీ గుర్తుకు రావడం అందరికీ తెలిసిందే. లీటరున్నరను సారికి 200-250 చొప్పున లెక్కేస్తే ఆరేడు సార్లు వస్తుంది, డాక్టర్లు చెప్పే అంకె దానికి దగ్గరగానే ఉంది.

మరి పన్నెండు పదమూడు సార్లు ఎందుకు పోతారు? ఇంటి మీద ట్యాంకు మాటిమాటికీ నిండిందంటోందంటే మోటారు ఎక్కువసేపు నడుస్తోందా, ట్యాంకే చిన్నదా, లేకపోతే నిండకముందే నిండిందని చెప్పే బంతి పాడైందా అని చూస్తాం కదా, ఇక్కడా అవే మూడు. మూత్రం ఎక్కువ తయారవుతూ ఉండొచ్చు. మూత్రాశయం అనే సంచిలో చోటు తక్కువ ఉండొచ్చు, లేదా పోసినప్పుడల్లా పూర్తిగా ఖాళీ కాక కొంత మిగిలిపోతూ ఉండొచ్చు. సంచి సగం కూడా నిండకుండానే కండరమో నరమో తొందరపడుతూ ఉండొచ్చు. మూడింటికీ వైద్యం వేరు. ఎన్నిసార్లు అన్న అంకె ఒక్కటే చెప్తే ఈ మూడింట్లో ఏదో డాక్టరుకు కూడా తెలియదు, అయినా మనం దవాఖానకు పోయి చెప్పేది ఆ అంకె ఒక్కటే.

తాగే నీళ్ళు, ఎక్కే బస్సు

నల్లగొండ, పాలమూరు వైపు ఆడవాళ్ళ రోజు ఎట్లా గడుస్తుందో చూడకుండా ఈ లెక్క వేస్తే అది తప్పే అవుతుంది. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండలో ఉపాధి హామీ పనికి పోయిన ఆమె ఎంత తాగినా చాలావరకు చెమటగా పోతుంది, పగలంతా కలిపి రెండుసార్లు పోయినా వింతేం కాదు. అదే మనిషి పుష్యమాసం చలిలో, చెమట లేక, అవే నీళ్ళు తాగి గంటకోసారి పోతుంది. ఈ మార్పును జబ్బు అనుకుని భయపడేవాళ్ళు ఏటా ఉంటారు.

చలికాలం కంటే పెద్ద సంగతి చోటు లేకపోవడం. పత్తి ఏరే రోజుల్లో పొద్దున ఏడింటికి ఆటో ఎక్కి చేనుకు పోయే కూలీలు "అక్కడ చాటు ఉండదు, మగోళ్ళు తిరుగుతుంటరు" అని పొద్దుట్నుంచే నీళ్ళు తగ్గించేస్తారు. సాయంత్రం దాకా ఒకసారి పోతే పోయినట్టు, లేకపోతే లేదు. ఊళ్ళో బడికి రోజూ పట్నం నుంచి వచ్చిపోయే టీచరమ్మది ఇంకో తీరు, స్కూల్లో బాత్రూం ఉంటుంది కానీ నీళ్ళుండవు, లేదా తాళం ఉంటుంది. ఇక బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేకుండా పోయింది, సంతోషమే, ప్రయాణాలు పెరిగాయి, కానీ దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఎక్కి హైదరాబాదులో దిగేదాకా మధ్యలో నమ్మకంగా దిగి పోసుకునే చోటు మాత్రం పెరగలేదు. అందుకని బస్సెక్కే ముందు రాకపోయినా పోవాలి, టిఫిన్ తర్వాత నీళ్ళు తాగొద్దు, మధ్యలో బాటిల్ ముట్టొద్దు అని ఎవరి నియమాలు వాళ్ళు పెట్టుకున్నారు.

ఇట్లా పగలంతా ఎండబెట్టిన ఒంటికి ఇంటికొచ్చాక దాహం వేస్తుంది. సాయంత్రం ఆరు నుంచి పదింటిలోపు లీటరున్నర నీళ్ళు, దానిమీద రెండు టీలు. రాత్రి మూడుసార్లు లేవక ఏం చేస్తారు! "నాకు రాత్రిళ్ళు ఆగుతలేదక్కా, షుగర్ వచ్చిందేమో" అని టెన్షన్ పడేవాళ్ళలో కొందరికి కావాల్సింది ముందుగా మందు కాదు, ఆ నీళ్ళను పగటికి జరుపుకునే వీలు. ఆ వీలు ఆమె చేతిలో లేకపోవడమే అసలు సమస్య, దానికి ఏ డాక్టరూ చీటీ రాయలేడు. సాయంత్రం కల్లు తాగే అలవాటు మన పల్లెల్లో ఆడవాళ్ళకూ ఉంది, అందులో దాచేదేముంది, అది కూడా మూత్రాన్ని పెంచేదే. మత్తుమందు కలిపిన కల్లయితే మెలకువ రాక పక్క తడిసే ప్రమాదమూ ఉంది.

రాకపోయినా ముందుజాగ్రత్తకు పోవడం గురించి ఒక మాట. ప్రయాణానికి ముందు పోతే తప్పేం లేదు, ఎవరైనా అదే చేస్తారు. ఇంట్లో ఉన్నా, గిన్నెలు తోమే ముందు ఒకసారి, కూరగాయలకు పోయే ముందు ఒకసారి, పడుకునే ముందు రెండుసార్లు అన్నట్టు తయారైతే మాత్రం సంచి వంద మిల్లీలీటర్లకే గోల పెట్టడం నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని మాన్పించవచ్చు, దాని సంగతి కింద చెప్తా.

మూడు రోజుల చిట్టా

కొలిచి రాసుకోవడమే ఇందులో అన్నిటికంటే పనికొచ్చే పని, ఖర్చు లేనిది కూడా. ఒక పాత ప్లాస్టిక్ మగ్గు తీసుకోండి, కొలత గీతలున్న సీసాతో కొలుస్తూ లోపల స్కెచ్ పెన్నుతో 100, 200, 300 గీతలు పెట్టండి, దాన్ని బాత్రూంలోనే ఉంచండి. మూడు రోజులు, వరసగా కాకపోయినా పర్లేదు, ఎప్పుడు పోయారు, ఎంత వచ్చింది, ఏం తాగారు, పరుగెత్తాల్సి వచ్చిందా, చుక్కలు పడ్డాయా అని పిల్లల నోట్‌బుక్కు వెనక పేజీలో రాసుకోండి. స్టీలు గ్లాసు ఒకటి 200 మిల్లీలీటర్లు అనుకోవచ్చు, మీ ఇంటి గ్లాసును ఒకసారి కొలిస్తే ఇంకా మంచిది. కాస్త మొహమాటంగా ఉంటుంది, నిజమే.

మాదిరి కోసం ఒక పేజీ రాస్తా. పొద్దున 5:30కు 260. 6:45కు 90. టీ తాగాక 7:30కు 70. బస్సుకు ముందు 8:40కు 60. 10:15కు 110, 11:30కు 100, ఒంటిగంటకు 120, 2:30కు 100, నాలుగింటికి 110, 5:45కు 90, 7:30కు 120, 9:30కు 100, రాత్రి ఒకటిన్నరకు 150. మొత్తం పదమూడు సార్లు. చూడగానే భయమేస్తుంది. కూడితే 1480 మిల్లీలీటర్లు, అంటే మూత్రం తయారీ మామూలే, మోటారు మంచిగానే ఉంది. పొద్దున 260 వచ్చింది, అంటే నిద్రలో సంచి అంత పట్టుకుంటోంది, కాబట్టి ట్యాంకు మరీ చిన్నదేం కాదు. పగలు మాత్రం వందకే పరుగు. ఇక్కడ చూడాల్సింది అలవాటును, టీని, తొందరపడే కండరాన్ని. ఇదంతా ఈ మధ్యే హఠాత్తుగా మొదలైతే ఇన్ఫెక్షన్‌ను ముందు చూడాలి.

ఇంకో ఆమె పేజీలో పన్నెండు సార్లు ఉంటుంది, ప్రతిసారీ మగ్గులో 300 దాటి ఉంటుంది, మొత్తం మూడున్నర లీటర్ల పైమాట. ఇది తొందరపడే సంచి కాదు, నిజంగానే అంత మూత్రం తయారవుతోంది. నీళ్ళు మంచివని ఎవరో చెబితే రోజుకు ఐదు లీటర్లు తాగుతూ ఉండొచ్చు, అట్లాంటి వీడియోలకు కొదవ లేదు. కాకపోతే షుగర్. రక్తంలో చక్కెర 180 దాటితే మూత్రపిండాలు దాన్ని మొత్తం వెనక్కి లాగలేవు, చక్కెర మూత్రంలోకి పోతూ నీళ్ళను కూడా వెంట తీసుకుపోతుంది, ఒంట్లో నీళ్ళు తగ్గి దాహం, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ మూత్రం. పరగడుపున 126 గానీ, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ కింద లెక్క, మామూలుగా రెండోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. ఈ పేజీ ఉన్నామె ఆ రక్తపరీక్షను వచ్చే నెలకు వాయిదా వెయ్యకూడదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. షుగర్‌కు ఇప్పుడు విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు పనిచేసేదే చక్కెరను మూత్రంలోకి పంపి. మంచి మందులే, గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తాయి, కానీ మూత్రం పెరుగుతుంది, కొందరికి కింద దురద, ఫంగస్ వస్తుంది. మాత్ర మారిన వారంలోనే బాధ మొదలైందని గుర్తుపట్టక దానికి వేరే మందులు వాడుకుంటూ తిరిగేవాళ్ళున్నారు. డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

మూడో పేజీ పెద్దవాళ్ళది. పగలు ఐదుసార్లు, సారికి 180 చొప్పున 900. రాత్రి నాలుగుసార్లు, సారికి 270-280 చొప్పున 1100. మొత్తంలో సగానికి పైగా రాత్రిపూటే వస్తోంది. పెద్దవయసులో మూడోవంతు దాటితేనే రాత్రి మూత్రం ఎక్కువ తయారవుతోందని అంటారు. సంచి చక్కగా పట్టుకుంటోంది, పాపం దాని తప్పేం లేదు. కాళ్ళు చూడండి, సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా? పగలంతా కాళ్ళలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా మారుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కాళ్ళ వాపు రావడం మామూలే, ఆ వాపే రాత్రి లేపుతున్నదని చాలామందికి తోచదు. గుండె, మూత్రపిండాల సమస్యల్లోనూ కాళ్ళు వాస్తాయి కాబట్టి వాపు ఉంటే చూపించుకోవాలి. మధ్యాహ్నం ఒక గంట కాళ్ళు ఎత్తు మీద పెట్టి పడుకుంటే ఆ నీరు పగలే పోతుంది. నీరు పోవడానికి ఇచ్చే లాసిక్స్ లాంటి మాత్రను రాత్రి వేసుకుంటున్నారేమో చూడండి, మామూలుగా అది పొద్దున వేసుకునేది. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్ళకు కూడా రాత్రి మూత్రం పెరుగుతుంది, ఆ సంగతి పక్కన పడుకునేవాళ్ళే చెప్పాలి.

వేడి చేసిందా, ఇన్ఫెక్షనా

మూత్రంలో మంట అనగానే మన ఇళ్ళల్లో "వేడి చేసింది" అంటారు, సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ నీళ్ళు కాస్తారు. దీన్ని కొట్టిపారెయ్యను. ఎండలో పనిచేసి నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి ముదురు పసుపు రంగులో వస్తుంది, సూక్ష్మజీవి ఏదీ లేకపోయినా పోసేటప్పుడు చురుక్కుమంటుంది, పట్టుమని రెండు చెంబుల నీళ్ళు పడితే పూట తిరిగేలోపు తగ్గుతుంది. తగ్గాలి. తగ్గకపోతే, మంటతో పాటు పది నిమిషాలకోసారి వచ్చి నాలుగు చుక్కలే పడుతుంటే, మూత్రం మబ్బుగా, వాసనగా ఉంటే, పొత్తికడుపు లాగుతుంటే అది సబ్జాతో పోయేది కాదు. ఆడవాళ్ళలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మలద్వారం పక్కనే, అక్కడి ఈ-కోలై బ్యాక్టీరియా లోపలికి ఎక్కడానికి పెద్ద దూరం లేదు. శుభ్రత లేనందుకే వచ్చిందని ఆడవాళ్ళను నిందించడం వినీ వినీ విసుగొచ్చింది, శరీర నిర్మాణమే అట్లా ఉంది, పెళ్ళయిన కొత్తలో వచ్చేదీ అందుకే.

అప్పుడు చెయ్యాల్సింది మూత్రపరీక్ష. మాటిమాటికీ వస్తుంటే కల్చర్ కూడా, ఏ మందుకు ఆ సూక్ష్మజీవి లొంగుతుందో అది చెప్తుంది, ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. మన దగ్గర జరిగేది ఏంటంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రెండు రోజుల యాంటీబయాటిక్, మంట తగ్గగానే ఆపెయ్యడం, నెల తిరగకుండా మళ్ళీ, ఈసారి ఇంకో రంగు మాత్ర. నాలుగోసారికి ఏ మాత్రా పనిచెయ్యదు. కొన్నిసార్లు ఏ బాధా లేకుండానే వేరే దేనికోసమో చేసిన మూత్రపరీక్షలో బ్యాక్టీరియా కనిపిస్తుంది, గర్భిణికైతే దానికి తప్పకుండా మందు వాడాలి, బాధ లేని మిగతా ఆడవాళ్ళలో చాలామందికి అక్కర్లేదు. తెల్లబట్ట, దురద ఉన్నప్పుడు వచ్చే మంట మూత్రాశయానిది కాకపోవచ్చు, ఆ మాట కూడా సిగ్గుపడకుండా చెప్తేనే సరైన మందు పడుతుంది.

వణుకుతో జ్వరం, నడుము పైభాగాన ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ మూత్రపిండానికి ఎక్కిందేమో, ఆ రోజే దవాఖానకు పోవాలి. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపిస్తే, ఒక్కసారే కనిపించి పోయినా సరే, పరీక్ష చేయించుకోవాలి. మళ్ళీ రాలేదు కదా అని ఊరుకునే రకం కాదది.

కాన్పులు, గర్భసంచి, మధ్యలో కత్తి

దగ్గినా తుమ్మినా బిందె ఎత్తినా చుక్కలు పడటం ఒక తీరు. వచ్చిందనిపించగానే ఆగక, గడప దాటి బాత్రూం తలుపు తీసేలోపే తడిసిపోవడం ఇంకో తీరు. మొదటిది కటి కింద పట్టి ఉంచే కండరాలు వదులవడం వల్ల, రెండోది సంచి కండరం తొందరపాటు వల్ల. చాలామందికి రెండూ కొంత కొంత ఉంటాయి. కాన్పయిన నెలా నెలన్నరకే నాట్లకు, బరువులకు పోవాల్సి వచ్చిన ఆడవాళ్ళలో కింది కండరాలు కోలుకునే సమయమే దొరకదు. గర్భసంచి జారి కింద ఉండలాగా తగులుతుంటే మూత్రం పూర్తిగా ఖాళీ కాదు, పోసొచ్చిన పది నిమిషాలకే మళ్ళీ అనిపిస్తుంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి అక్కడి పొర పలచబడి పొడిబారుతుంది, ఆ మంటకు, మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్లకు డాక్టర్ రాసే ఈస్ట్రోజెన్ క్రీము బాగా పనిచేస్తుంది, ఆ విషయం మన దగ్గర చాలామందికి ఎవరూ చెప్పరు.

చెప్పేది ఏమిటయ్యా అంటే గర్భసంచి తీసేద్దాం అని. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. అందులో అవసరమైనవి ఉంటాయి, కాదనను. కానీ మాటిమాటికీ మూత్రం వస్తోందనో, తెల్లబట్ట అవుతోందనో ముప్పై ఐదేళ్ళకు గర్భసంచి తీయిస్తే తొందరపడే మూత్రాశయం కుదురుకోదు, రెండూ వేరే అవయవాలు. జారిన గర్భసంచికి కూడా అందరికీ కత్తి అక్కర్లేదు, లోపల పెట్టే రింగు ఉంది, వ్యాయామం ఉంది. "మూత్రం సమస్యకు గర్భసంచి ఎందుకు తియ్యాలి సార్, ఇంకేం మార్గాలున్నాయి" అని అడగండి, ఇంకో గైనకాలజిస్టు దగ్గర రెండో మాట తీసుకోండి.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పెద్దమ్మల సంగతి విడిగా చెప్పాలి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు వచ్చాయి, కానీ ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఊరికే దిగిపోదు. మోకాళ్ళు వంగక, నడుము లేవక, కింద కూర్చునే దొడ్డికి నడిచేలోపు తడిసిపోతుంటే అది మూత్రాశయం జబ్బు కాకపోవచ్చు, మంచం పక్కన కమోడ్ కుర్చీ పెడితే సగం తీరే కష్టం. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, దాంతోపాటు మూత్రం బిగుసుకుపోవడమో తెలియకుండా కారిపోవడమో మొదలైతే అది ఎవరికైనా అత్యవసరమే, ఫ్లోరోసిస్ ఉన్నా లేకపోయినా.

సంచికి నేర్పడం

మొదటి పేజీ ఆమె దగ్గరకు వద్దాం, పగలు వందకే పరుగెత్తే ఆమె. ఇన్ఫెక్షన్ లేదు, షుగర్ లేదు అని తేలాక చేసేది శిక్షణ. తోసుకొచ్చే ఆ ఒత్తిడి అలాగే పెరుగుతూ పోదు, ఒక ఎత్తుకు వచ్చి మళ్ళీ తగ్గుతుంది. ఆ ఎత్తు మీద ఉన్నప్పుడు పరుగెత్తితేనే కారిపోతుంది. కాబట్టి రాగానే కదలకుండా ఉన్నచోటే కూర్చోండి, గాలి పోకుండా బిగబట్టినట్టు కింద కండరాన్ని ఐదారుసార్లు టకటకా బిగించి వదలండి, మనసును ఇంకోదాని మీదికి మళ్ళించండి, చీటీ డబ్బులు ఎవరెవరు ఇవ్వాలో లెక్కపెట్టుకున్నా సరే. ఒత్తిడి తగ్గాక నడుచుకుంటూ పోండి. ఇప్పుడు గంటకోసారి పోతుంటే మొదటి వారం గంటంబావు, అది కుదిరాక గంటన్నర, అట్లా రెండున్నర మూడు గంటల దాకా. కనీసం ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో ఏమీ మారినట్టు అనిపించదు, చాలామంది అక్కడే వదిలేస్తారు.

చుక్కలు పడేవాళ్ళకు అదే కండరానికి నిదానమైన వ్యాయామం. బిగించి ఐదారు సెకన్లు ఉంచాలి, వదలాలి, సారికి ఎనిమిది, రోజుకు మూడుసార్లు, మూడు నెలలు. ఊపిరి బిగబట్టొద్దు, పొట్ట, తొడలు బిగించొద్దు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఆపి దీన్ని అలవాటు చెయ్యొద్దు. బిందె ఎత్తే ముందు, దగ్గు వస్తుందనగా ఒకసారి బిగించడం నేర్చుకుంటే ఆ పూటకు ఆ పూట పనికొస్తుంది. మలబద్ధకం ఉంటే దాన్ని ముందు సరిచెయ్యండి, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతూనే ఉంటుంది.

నీళ్ళు మాత్రం తగ్గించొద్దు. తగ్గిస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా చికాకు పెడుతుంది, ఇన్ఫెక్షన్‌కు, రాళ్ళకు దారి. నీడ పట్టున ఉండేవాళ్ళకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఎండలో పనిచేసేవాళ్ళకు అంతకంటే బాగా ఎక్కువ, మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టే. గుండె, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకు డాక్టర్ చెప్పిందే లెక్క. తగ్గించాల్సింది టీ. రోజుకు ఐదారు కప్పులు తాగేవాళ్ళు రెండుకు తెచ్చి పది రోజులు చూడండి, ఒక్కసారే మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే మాత్రలు ఉన్నాయి. సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్ రకం సంచి కండరాన్ని శాంతపరుస్తాయి, నోరు ఎండటం, మలబద్ధకం వాటితో వచ్చేవి, పెద్దవయసు వాళ్ళలో మతిమరుపు, గందరగోళం రావొచ్చు కాబట్టి జాగ్రత్త. మిరాబెగ్రాన్‌తో నోరు ఎండటం తక్కువ, కానీ బీపీ చూసుకుంటూ వాడాలి. సంచి నిండుతుంటే నొప్పి పెరిగి పోశాక తగ్గుతూ, మూత్రపరీక్షల్లో ఏమీ దొరక్కుండా నెలల తరబడి నడుస్తుంటే అది ఇంకో రకం సమస్య, యూరాలజిస్టే చూడాలి.

మొదట ఎక్కడికి పోవాలంటే దగ్గరి పీహెచ్‌సీ చాలు, మూత్రపరీక్ష, షుగర్ పరీక్ష అక్కడే మొదలవుతాయి. 2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ఆరోగ్య మహిళ కేంద్రాలు మంగళవారాలు ఆడవాళ్ళ కోసమే పెట్టినవి, మూత్ర ఇన్ఫెక్షన్లు కూడా అందులో చూసేవే, మీ దగ్గర ఎక్కడ నడుస్తోందో ఆశా కార్యకర్తను అడగండి. పోయేటప్పుడు చిట్టా పేజీలు, వాడే మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకోండి, పేర్లు గుర్తుండవు.

స్కాన్ రాస్తే ఒకటి గుర్తుంచుకోండి. స్కానింగ్ సెంటర్లో లీటరు నీళ్ళు తాగించి, కాళ్ళు బిగబట్టి వరండాలో తిరిగేలా చేసి, నిండిన సంచితో ఒకసారి స్కాన్ చేసి పంపించేస్తారు. మీకు పూర్తిగా ఖాళీ అవనట్టు అనిపిస్తుంటే, పోసొచ్చాక రెండోసారి కూడా చూడమని అడగండి, అది రెండు నిమిషాల పని. లోపల 50 మిల్లీలీటర్లలోపు మిగిలితే ఫర్వాలేదు, 200 దాటితే సంచి సరిగ్గా ఖాళీ కావట్లేదని అర్థం. అప్పుడు సంచిని శాంతపరిచే మాత్రలు మొదలుపెట్టే ముందు ఆ అంకెను డాక్టరుకు చూపించాలి, అది తెలియకుండా ఆ మాత్రలు వేసుకుంటే మూత్రం పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది.